ప్రత్యేకపరచిన కంకులు

ఆళ్లగడ్డ,
20-1-1983.

ప్రియమైన మీకు,

అరుణ వందనాలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. భిలాయి చలిలో మీరూ క్షేమంగా ఉన్నారనీ, నేనల్లిన స్వెట్టర్ పెట్టెలో కాక ఒంటిమీదే ఉందనీ నమ్ముతున్నాను.

మీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. అడిగినవన్నీ చెప్తాను. అమ్మ మోకాళ్లు నంద్యాలలో డాక్టరుకు చూపించాను. నేలమీద కూర్చోవద్దన్నాడు, ఆమె కూర్చుంటూనే ఉంది. నంద్యాల కాలేజీలో నా పార్ట్‌టైం పాఠాలు సాగుతున్నాయి. బస్సులో పోయిరావడానికే ఒళ్లు హూనమవుతోంది. పిల్లలు మాత్రం మంచివాళ్లు, క్లాసులో నిద్రపోయినా గురకపెట్టరు. ఇక యూనివర్సిటీ ఇంటర్వ్యూ సంగతి. మీరు అడుగుతూనే ఉన్నారు, నేను గేదె ఈనిన కబుర్లు రాసి తప్పించుకుంటున్నాను. ఉద్యోగం రాలేదండీ. క్రిస్మస్‌కు ముందే తెలిసింది.

ఎందుకు రాలేదో చెప్పాలంటే కొర్రచేను దగ్గర మొదలుపెట్టాలి. బెంగళూరులో డాక్టరేటు తరువాత నేను చేసిన పరిశోధనంతా ప్రొఫెసర్ గారిదేనని మీకు తెలుసు. వచ్చేసేటప్పుడు ఆయనే అన్నారు: "ఇంతవరకూ నా ప్రశ్నకు నీ చేతులు పనిచేశాయమ్మా. నీదంటూ ఒక ప్రశ్న లేకపోతే ఏ యూనివర్సిటీలోనూ నిలబడలేవు." అందుకే నల్లమలలో పాపమ్మ అనే చెంచు ముసలామె ఇచ్చిన కొర్రలు తెచ్చి అమ్మ చేలో వేశాను. అగ్గితెగులు సోకని మొక్కలు ఏరి, వాటి విత్తనమే మళ్లీ వేస్తూ మూడేళ్లు పంట తీశాను. మొన్నటి పంటకు చుట్టూ చేలన్నీ మాడినా నావి కొన్ని పచ్చగా నిలిచాయి. పక్క పుప్పొడి సోకకుండా ఆ కంకులకు కాగితపు సంచులు కట్టాను. నా బతుకంతా ఆ సంచుల్లోనే ఉందనుకోండి.

ప్రొఫెసర్ గారి సిఫారసు కోసం బెంగళూరు బయల్దేరిన రోజు అమ్మ అడిగింది.

"ఏంది పాపా, కంకులకు ముసుగులేసినావు?"

"అవి ప్రత్యేకపరచినవి మా. ఎవురూ ముట్టగూడదు."

ప్రయోగమూ గియోగమూ అంటే అర్థం కాదని, తేలికైన మాట వెతికి ఆ మాటన్నాను. మన గుడిలో, బైబిలు భాషలో ఆ మాటకు ఒకటే అర్థం కదా, దేవుని కోసం వేరుగా తీసిపెట్టినదని. అమ్మ ముఖం వెలిగిపోయింది. "సరేలే తల్లీ, నేను చూసుకుంటా" అంది. బస్సు వేళయిందని నేను పరుగెత్తాను.

ఆ ఆదివారమే కోత పండుగ. అమ్మ ఆ కంకులన్నీ ఒక్కటీ విడవకుండా కోసి, సంచులు విప్పి, కొత్త గంపలో సర్ది, ప్రథమ ఫలమని బలిపీఠం ముందు పెట్టింది. "నా బిడ్డ ఉద్యోగం రాకముందే ఆయన భాగం ఆయనకు తీసిపెట్న్యాది" అని అందరి ముందూ సాక్ష్యం చెప్పిందట. ఆరాధన అయ్యాక మిగతా కానుకలతో పాటు వేలం వేశారు. తిరిగొచ్చి సంగతి తెలిసి, అమ్మకు ఏమీ చెప్పకుండా, వేలంలో పాడుకున్న సువార్తమ్మ ఇంటికి చెప్పుల్లేకుండా పరుగెత్తాను. అప్పటికే దంచి, వండి, కోడికూరతో తినేశారు. "మీ కొర్రలు బలే రుచి పాపా!" అంది. నా పరిశోధనకు దొరికిన మెప్పు అదొక్కటే. అంతకుముందు పంట విత్తనం దాచిన డబ్బాకు పురుగు పట్టింది. ఏమీ మిగల్లేదు.

ఇంటర్వ్యూలో పెద్దాయన "మీ రకం విత్తనం ఎంత ఉంది?" అన్నాడు. లేదన్నాను. ఏమైందన్నాడు. గుడిలో వేలం వేశారని ఎట్లా చెప్పను? "పోయిందండీ" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి పక్కాయన వైపు చూశాడు. అంతే.

అమ్మకు ఉద్యోగం రాలేదని మాత్రమే చెప్పాను. కంకుల సంగతి ఆమెకు తెలియకూడదనుకున్నాను. కానీ ఆ రోజు నుంచి అమ్మ ప్రార్థన మానేసింది. బైబిలు నిజంగానే అటకెక్కింది. క్రిస్మస్ పాటలవాళ్లు వస్తే తలుపు తీయలేదు. "నా బిడ్డ పెట్టిన ముందుపంట తిని మొగం తిప్పుకున్న్యాడు. ఇంగ ఆయనతో నాకు మాటలు ల్యావు" అంది. నాయన చనిపోయిన వారం కూడా గుడి మానని మనిషి! అన్నం ముందు కళ్లు మూసుకోకుండా ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే చూడలేకపోయాను. చెప్తే తనవల్లే నాకిట్లా అయిందని కుమిలిపోతుంది. చెప్పకపోతే ఆమెకున్న దేవుడూ లేకుండా పోతాడు.

పోయిన శనివారం చెప్పేశాను. బియ్యం చెరుగుతోంది.

"మా, ఆ కంకులు దేవునికని గాదు. విత్తనానికని పెట్టినా."

చేట ఆగింది. "విత్తనానికా? అన్నీనా?"

"అన్నీ."

బియ్యంలో రెండు రాళ్లు ఏరి పారేసింది. తరువాత "అట్లయితే ఆయన తప్పేం ల్యా" అంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. మరునాడు బైబిలు దించి, తుడిచి, గుడికి పోయింది.

అమ్మకు దేవుణ్ని తిరిగి ఇవ్వడానికే చెప్పానని మీకు రాద్దామనుకున్నాను. అది సగమే నిజం. అంత నష్టం మూటగట్టుకుని ఆమె ఎదుట నవ్వుతూ తిరగడం నావల్ల కాలేదు. నాదేం పోయిందో ఆమెకు తెలియాలనిపించింది. కన్నతల్లి మీద ఎంత కడుపుమంటో చూడండి. ఎవరికీ చెప్పుకోలేక మీకు రాస్తున్నాను, తిట్టాలనుంటే తిట్టండి.

వానలకు ముందు పాపమ్మ దగ్గరికి మళ్లీ పోయి గుప్పెడు కొర్రలు అడుగుతాను. మళ్లీ మొదటి సాలు నుంచే. ఆ పంట ఒక కొలిక్కి వచ్చేదాకా మీరొక ఊళ్లో నేనొక ఊళ్లో ఉండక తప్పదు. మీ ఓపికే నాకు దిక్కు.

నిన్న చేను చూసొద్దామని పోతే అమ్మ నా వెనకే వచ్చింది. అది ఆమె చేను. నేను పుట్టకముందు నుంచీ అందులో కలుపు తీసిన మనిషి. గట్టు మీదే ఆగిపోయింది. చేలో మోళ్లు తప్ప ఏమీ లేవు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని అడిగింది:

"నేను లోపలికి రావొచ్చునా పాపా?"

ఇట్లు,
మీ ఇంటిమనిషి
అరుణకుమారి