పదకొండో ఫొటో

నాన్నా,

నిన్న మా బడి పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లాను. రేవు దగ్గర, దొరల కాలంలో సుంకాల ఆఫీసుగా ఉండిన మేడ అది. పైకప్పు చూడాలంటే మెడ నొప్పెడుతుంది. ఒక్కో కిటికీ మన వంటింటి అంత ఉంది. నలభై మంది పిల్లలకు నేనొక్కదాన్ని. ఏదీ ముట్టుకోవద్దని అరిచి అరిచి గొంతు పోయింది.

చివరి గదిలో రేవు గోదాము తగలబడిన సంగతి పెట్టారు. అద్దాల పెట్టెలో మసిబారిన ఇత్తడి బిళ్ళలు, గోడ మీద చనిపోయిన పదకొండు మంది కూలీల ఫొటోలు. మా క్లాసులో ఒక వాగుడుకాయ ఉందిలే. అది ఆఖరి ఫొటో ముందు నిలబడి, "టీచర్, ఈయన ముక్కు అచ్చం మీ ముక్కే" అంది. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వుతూనే వెళ్లి చూశాను.

నువ్వే నాన్నా. మీ పెళ్లి ఫొటోలో ఉన్న మొహమే. ఎడమ కనుబొమ్మను చీల్చిన గాటుతో సహా నువ్వే. కింద వేరే పేరు, పోయి నలభై నాలుగేళ్లయిందని తేదీ. పిల్లల్ని లెక్కపెట్టి బస్సెక్కించానో లేదో గుర్తులేదు. అందరూ ఇళ్లకు చేరారు కాబట్టి ఎక్కించే ఉంటాను.

పొద్దున నీకు ఫోన్ చేసి, మాత్ర వేసుకున్నావా అని అడిగి పెట్టేశాను. నీ గొంతు వింటూ ఇది అడగలేను. అందుకే రాస్తున్నాను. నాకు సైకిలు నేర్పిన మనిషి ఎవరు? ఎవరికైనా ద్రోహం చేసి పారిపోయి వచ్చావా? ఎంత చెడ్డదైనా సరే, నిజం చెప్పు.

నీ కూతురు


అమ్మడూ,

ద్రోహమే చేశాను.

గోదాములో పనికెళ్లేవాడు గేటు దగ్గర తన నంబరు బిళ్ళ తీసుకోవాలి. ఒకడికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకడు అతని బిళ్ళతో వెళ్లేవాడు. మేస్త్రీ చూసీచూడనట్టు ఊరుకునేవాడు. ఆ రోజు నాకు సినిమాకి పోవాలనిపించింది. జ్వరమని దుప్పటి కప్పుకున్నాను. నా గదిలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న స్నేహితుడు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "పడుకోరా, నేను పోతాలే" అన్నాడు. జ్వరం లేదని వాడికి తెలిసే ఉంటుంది.

నేను సినిమా చూసి వచ్చేసరికి అంతా అయిపోయింది. మనుషుల్ని పోల్చుకునే వీల్లేక బిళ్ళల్ని బట్టి పేర్లు రాసుకున్నారు. వాడి దగ్గర దొరికింది నా బిళ్ళ. పోయింది నేను కాదని చెబితే వాణ్ని పంపిందెవరని అడుగుతారు. భయపడి వాడి చదువు కాగితాలు పట్టుకుని ఊరు దాటేశాను. అప్పట్లో వాటి మీద ఫొటోలుండేవి కావు. ఇక్కడ వాడి పేరుతోనే ఉద్యోగం, పెళ్లి, నువ్వు. నీ ఇంటిపేరు వాడిదే. వాడికి నా అనేవాళ్లు లేరు, అందుకే ఎవరూ వెతకలేదు. నా ఉద్యోగం మా తమ్ముడికిచ్చారని తర్వాత తెలిసింది. తిరిగెళ్తే తమ్ముడి నోటి దగ్గర కూడు లాగేసినట్టవుతుందని సాకు దొరికింది. తమ్ముడు పోయి రెండేళ్లయింది. ఇప్పుడు అడ్డం నా పిరికితనమే.

మీ అమ్మకు పెళ్లికి ముందే చెప్పాను. "మరి మిమ్మల్ని ఏమని పిలవాలి?" అంది. అప్పట్నుంచీ 'ఏమండీ' అనే పిలుస్తోంది.

శనివారం వస్తాను. నా ఫొటో తీసేయమని అడుగుతాను. నువ్వు లోపలికి రానక్కర్లేదు.

నాన్న


నాన్నా,

సినిమా కోసమా? రెండు రోజులు నీ మీద ఉడికిపోయాను. ఇంకా ఉడుకుతూనే ఉన్నాను.

ఇవాళ మ్యూజియం ఆఫీసరు గారి దగ్గరికి వెళ్లాను. "మీ పదకొండో ఫొటోలో ఉన్నాయన శనివారం వస్తున్నారండీ" అంటే, ఆయన కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. మొత్తం చెప్పాను. విని, కాగితం తీసుకున్నారు. "అయితే చనిపోయింది ఇంకొకాయనన్నమాట. ఆయన మీకేమవుతారమ్మా?" అని అడిగారు.

మాకు ఇంటిపేరు ఇచ్చినాయన అని చెప్పాను. ఆయన అలాగే రాసుకున్నారు. శనివారం నీతో పాటు లోపలికి నేనూ వస్తాను.

నీ కూతురు