చావవలసిన కథానాయిక బతికి ఉండుట గురించి

నిడదవోలు,
6-2-1984

విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు గారి సముఖమునకు

అయ్యా,

విషయం: నా పిహెచ్.డి. నవల చివరి అధ్యాయములో మరణించవలసిన కథానాయిక మరణించకపోవుట - సరిదిద్దుకొనుటకు అనుమతి కోరుట.

నిడదవోలు బజారులో కిరాణా వర్తకులైన జోగేశ్వరరావు గారి కుమారుడను, తమ సృజనాత్మక రచన శాఖలో పరిశోధకుడను అగు నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను సదరు శాఖలో బి.ఏ. కొరకు కథలు, ఎం.ఏ. కొరకు నాటకము, ఎం.ఫిల్. కొరకు ఆ నాటకము ఎందుకు ఆడలేదో వివరించు వ్యాసము వ్రాసి ఉత్తీర్ణుడనైతిని. మొత్తం పదకొండేళ్ళు. "ఇన్నేళ్ళూ ఏం నేర్చుకుంటున్నావురా?" అని మా నాన్నగారు అడిగినారు. రాయడం అన్నాను. "అది రెండో క్లాసులోనే నేర్పించాం కదరా!" అన్నారు. దీనికి శాఖ వారి వద్ద సమాధానము ఉన్నచో తెలియజేయగలరు.

2. నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి నవల వ్రాసి, టైపు చేయించి, "ఇది పూర్తిగా నా స్వంత రచన" అని ధ్రువపత్రము జతపరచవలెను. ఊళ్ళోని టైపు ఇన్‌స్టిట్యూటులో పనిచేయు కుమారి నాగరత్నమునకు వారమునకొక అధ్యాయము చొప్పున ఇచ్చితిని. పదకొండు అధ్యాయములు అక్షరం పొల్లుపోకుండా కొట్టినది. పన్నెండవది గడువు చివరి రోజున చేతికి వచ్చినందున చదవకుండానే ధ్రువపత్రముపై సంతకము చేసి, రాజమండ్రిలో బైండు చేయించి దాఖలు చేసితిని.

3. నా నవలలో కన్యక అను టైపిస్టు, ప్రియుడు మోసగించగా, కొవ్వూరు వద్ద వంతెన మీద నుండి గోదావరిలో దూకి మరణించును. ఇది నేను ఏడాది పాటు ఆలోచించిన ముగింపు. దాఖలైన ప్రతిలో కన్యక వంతెన మీద నిలబడి, నీళ్ళకేసి చూసి, "ఇతగాడి కోసమా?" అని వెనుదిరిగి, సామర్లకోట పాసింజరెక్కి, అక్కడి పంచదార ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం సంపాదించుకున్నది.

4. విచారించగా నాగరత్నము ఇచ్చిన వాంగ్మూలము: "పదకొండు చాప్టర్లు కొట్టానండి. ఆ అమ్మాయి మీకంటే నాకే ఎక్కువ తెలుసు. అది దూకదండి."

5. ఇంతలో పరీక్షకుల నివేదిక వచ్చినది. "మొదటి పదకొండు అధ్యాయములు ఓపికతో చదవవలసి వచ్చినది. పన్నెండవదానిలో కథ లేచి కూర్చున్నది. ఆ ఒక్క అధ్యాయమునకే డాక్టరేటునకు సిఫారసు చేయుచున్నాము" అని అందులో ఉన్నది.

6. మౌఖిక పరీక్ష 14వ తేదీన. కన్యక వెనుదిరిగినప్పుడు నా మనసులో ఏమున్నదని తప్పక అడుగుతారు. ఏం చెప్పనండీ? అబద్ధమాడితే డాక్టరును. నిజం చెబితే రేపట్నుంచి కందిపప్పు తూచాలి. బజారులో అప్పుడే డాక్టరు గారూ అని పిలుస్తున్నారు. ఒకాయన మోకాలు కూడా చూపించాడు. ఆ అధ్యాయం నేను నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి ఏడుపొచ్చింది. నావి పదకొండూ చదివితే నాకే రాలేదు.

కావున తమరు దయతలచి, కన్యకను తిరిగి గోదావరిలో పడవేసి, నా స్వంత ముగింపుతోనే పరీక్షకు హాజరగుటకు అనుమతి దయచేయవలెనని, నా పదకొండేళ్ళ గోడు చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
(సం.) వి. కుక్కుటేశ్వరరావు, ఎం.ఏ., ఎం.ఫిల్.

తా.క. రిజిస్ట్రారు గారికి నమస్కారమండి. నేను నాగరత్నాన్ని. ఊళ్ళో తెలుగు మిషను మా దగ్గరొక్కటే ఉందండి, అందుకని ఈ అర్జీ కూడా నేనే కొట్టాను. ఆయన సంతకం పెట్టి, పోస్టులో వెయ్యమని నాకే ఇచ్చి వెళ్ళారు. నన్ను శిక్షించాలని ఏడో నంబరు ఒకటి రాశారండి, అది బాగోలేదని తీసేశాను. ఏడుపొచ్చిందన్న మాట ఆయన రాసి, మళ్ళీ గీత పెట్టి కొట్టేశారండి. అది బాగుందని నేను ఉంచేశాను. పదకొండేళ్ళలో ఆయన రాసిన మంచి వాక్యం అదేనండి, దానికి డాక్టరేటు ఇచ్చినా తప్పులేదు. కన్యకని మాత్రం మళ్ళీ నీళ్ళలో పడెయ్యకండి. నేను ఇంటరు ప్రైవేటుగా ప్యాసయ్యాను. ఆ రాయడం కోర్సు మీ దగ్గర బి.ఏ. నుంచీ ఉందట కదండీ, అప్లికేషను ఫారం ఒకటి ఇన్‌స్టిట్యూటు అడ్రసుకి పంపించండి. ఆయన అడ్రసుకి వద్దండి. చదవకుండా సంతకం పెట్టేస్తారు.