తలకి కట్టిన గుడ్డ

చెల్లాయీ,

కూర్చోకు, నిలబడే చదువు. నిన్న ఫోన్లో నేను తడబడుతుంటే నవ్వేసి పెట్టేశావు. నాకు మాటలు చాతకావని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

మా పెద్దమ్మాయి ఆసుపత్రిలో ఉంది. వారం నుంచి తలపోటంటే, మన ఇంటి అలవాటే కదా, నుదుటికి గుడ్డ బిగించి, కిటికీలు మూసి పడుకోబెట్టాం. మొన్న లేచి కుట్టుమిషను దగ్గర కూర్చుని, "నాన్నా, రెండు సూదులు కనిపిస్తున్నాయి, దారం దేనికెక్కించను?" అంది. "రెండిటికీ ఎక్కించు, పని తొందరగా తెములుతుంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. సాయంత్రానికి దాని కుడిచెయ్యి పడిపోయింది.

మెదడులోంచి రక్తం కిందికి దిగే నాళంలో గడ్డ కట్టిందట. ఊరికే గడ్డకట్టే గుణం మన వంశంలోనే ఉండొచ్చు, మీవాళ్ళందరికీ చెప్పండి అంది డాక్టరమ్మ. బాలింతలకి మరీ ప్రమాదమట. రక్తం పలచబడే మందు ఎక్కిస్తున్నారు. ఇవాళ వేళ్ళు కాస్త కదిలించింది.

"తలపోటు మన పుట్టింటి సొత్తేగా అన్నయ్యా" అన్నావు నిన్న ఫోన్లో. ఆ సొత్తు ఇదేనమ్మా. చిన్నక్క పురిటి మంచం మీద తల పట్టుకునే పోయింది, గుర్తుందా?

నీ కూతురు కాన్పయి నెల కూడా కాలేదు. దానికీ తలపోటని గుడ్డ కట్టి పడుకోబెట్టానన్నావు. ఆ గుడ్డ విప్పు. ఉత్తరం తెచ్చింది మా అల్లుడు. మర్యాదలేం చెయ్యకు, బండి ఇంజను ఆపొద్దని చెప్పాను. పిల్లనీ, చంటిదాన్నీ ఎక్కించుకుని వచ్చెయ్.

నేను ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి ఉంటాను.

మీ అన్నయ్య