క్యానులో వచ్చిన సముద్రం

రెజిమెంటల్ బజార్, సికింద్రాబాద్
6 జనవరి 1986

ప్రియమైన చిన్నాన్నకు జ్ఞానమణి వందనాలు.

నేనూ, మీ అల్లుడూ, అత్తగారూ దేవుని దయవల్ల బాగున్నాం. పిన్ని మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నాకు ఒక క్యానెడు సముద్రపు నీళ్ళు కావాలి. నవ్వకుండా చదవండి.

మా బడిలో నా సైన్సు గది పోయేలా ఉంది. బడి నడిపే కరస్పాండెంటు ఆర్థర్ గారు దాన్ని కుట్టుమిషన్ల క్లాసుకు ఇచ్చేస్తానంటున్నారు. "సైన్స్ ఫెయిర్ల ఒక్క కప్పు సుత తేలేదు టీచరమ్మా. కుట్టు నేర్చుకుంటె పిల్లలు జాకెట్లన్న కుడ్తరు" అన్నారు. వచ్చే నెల ఫెయిర్‌లో ఫస్టు ప్రైజు తెస్తే గది నాది, తేకపోతే మిషన్లది. అందుకే ఎవరూ పెట్టనిది పెడదామని సముద్రపు నీరు ఎంచుకున్నాను. మీరు సముద్రం పక్కనే ఉప్పు పండించే కొఠారులో మేస్త్రీ కాబట్టి మీకిది చిటికెలో పని. రైలు గార్డు సామ్యూల్ గారి చేతికిస్తే తెచ్చిపెడతారు.

మీ కుమార్తె,
జ్ఞానమణి

తా.క. మా క్లాసులో ఒక్కరూ సముద్రం చూడలేదు. హుస్సేన్ సాగర్‌కి అవతలి ఒడ్డు కనిపిస్తుంది కాబట్టి అది సముద్రం కాదని చెప్పాను. పొగమంచు పట్టిన రోజున అవుతుందా అని ఒకమ్మాయి అడిగింది.

చినగంజాం
13 జనవరి

చిరంజీవి జ్ఞానమణికి చిన్నాన్న జకర్యా దీవెనలు.

నీ గది ఎక్కడికీ పోదు, నేనున్నాను. సామ్యూల్ గారి చేత ఒక గోనెసంచి పంపుతున్నాను. క్యాను మోయడం ఆయనకి కష్టం, రైల్లో తొణికితే పక్కవాళ్ళతో గొడవ. అందుకని నీళ్ళు ఇక్కడే ఎండగట్టించి, అసలు సరుకు మాత్రం పంపాను. మా మడుల్లో మొదటి తీత, మల్లెపూవులా ఉంది. నీళ్ళంటావా, మీకు మంజీరా కుళాయి ఉండనే ఉంది, అందులో కలుపుకో.

నీ చిన్నాన్న,
జకర్యా

తా.క. మిగిలితే మాగాయకు వాడుకో.

సికింద్రాబాద్
18 జనవరి

చిన్నాన్నకు వందనాలు.

సంచి చేరింది. మా అత్తగారు ప్రేమమణమ్మ చాలా సంతోషించారు, నేను మాత్రం ఏడవలేక నవ్వాను. ఉప్పు సికింద్రాబాద్‌లో ప్రతి కిరాణా కొట్లోనూ దొరుకుతుంది చిన్నాన్నా. నాకు కావలసింది నీరు. అందులో ఉప్పుతోపాటు మెగ్నీషియం ఉంది, బ్రోమిన్ ఉంది, థైరాయిడ్ గడ్డకు కావలసిన అయోడిన్ కూడా కాస్త ఉంది. మీరు ఉప్పు తీశాక పారబోసే ఆ చేదు నీళ్ళలో సున్నం కలిపితే కడుపుమంటకు తాగే తెల్లమందు తయారవుతుంది. ఉప్పునీటిలో కరెంటు పంపి సబ్బుల కంపెనీలకు కాస్టిక్ సోడా తీస్తారు. మన రక్తంలోనూ, కన్నీళ్ళలోనూ ఆ ఉప్పే. ఇవన్నీ పిల్లలు చేసి చూపించాలి. దయచేసి నీళ్ళు, నీళ్ళలాగే పంపండి.

మీ
జ్ఞానమణి

తా.క. మాగాయకు ఇది కాలం కాదు.

చినగంజాం
24 జనవరి

చిరంజీవి జ్ఞానమణికి.

అర్థమైందమ్మా. నేనే నడుముదాకా సముద్రంలో దిగి క్యాను ముంచి తెచ్చాను. మీ పిన్ని రోసమ్మ దాన్ని చింతపండేసి బయట తోమి, మూతకు కొత్త గుడ్డ కట్టింది. నేను స్టేషనుకు పోవడానికి రిక్షా పిలుచుకొచ్చేసరికి అంతా సిద్ధం. క్యాను సామ్యూల్ గారికి అప్పగించాను. ఇక కప్పు నీదే.

నీ చిన్నాన్న,
జకర్యా

తా.క. ఆ నీళ్ళు మీ అత్తగారికి తప్పకుండా నచ్చుతాయని రాయమంది మీ పిన్ని. సముద్రపు నీళ్ళు అత్తగారికి నచ్చడమేమిటో నాకు బోధపడలేదు. ఆడవాళ్ళ సంగతి కదా అని రాస్తున్నాను.

సికింద్రాబాద్
29 జనవరి

చిన్నాన్నకు.

నా పరువు పోయింది. ఆర్థర్ గారు నమూనా ప్రయోగం చూస్తానంటే ఆయన ముందే మొదలుపెట్టాం. నీళ్ళలో తీగలు ముంచితే బల్బు వెలగలేదు. సరే, మరగబెట్టి ఉప్పు తీద్దామని పొయ్యి మీద పెట్టాం. గది నిండా కమ్మటి వాసన. గిన్నె అడుగున ఉప్పుకు బదులు పాకం మిగిలింది. ఆర్థర్ గారు వేలుతో తీసి నాకి, "మిషన్లెందుకు, మిఠాయి దుకాణమే పెడ్దాం" అన్నారు. మర్నాడే దర్జీని వెంటబెట్టుకొచ్చి గది కొలతలు తీయించారు. ఫెయిరు ఫిబ్రవరి పద్నాలుగున. ఆ గది పోతే నేను సైన్సు టీచరు అనిపించుకోలేను చిన్నాన్నా. ఏం జరిగిందో పిన్నిని అడగండి.

జ్ఞానమణి

తా.క. మా అత్తగారు మిగిలిన నీళ్ళన్నీ తాగేశారు. సముద్రం ఇంత తియ్యగా ఉంటుందని తెలియక జనం ఊరికే భయపడుతున్నారట. వీధంతా చెబుతున్నారు.

చినగంజాం
3 ఫిబ్రవరి

జ్ఞానమణీ,

అడిగాను. "పిల్లనిచ్చిన ఇంటికి ఎవరైనా ఉప్పునీళ్ళు పంపుతారా? వియ్యపురాలు నోట్లో పోసుకుంటే మన గురించి ఏమనుకుంటుంది? కారం పంపినా సర్దుకుంటారు గాని ఇదెక్కడి మర్యాద?" అని నన్నే కేకలేసింది. నేను రిక్షా కోసం వెళ్ళగానే సముద్రాన్ని పెరట్లో పారబోసి, చర్చి బావి నీళ్ళు పట్టి, పటికబెల్లం కలిపిందట. పైగా యాలకులు లేవని బాధపడింది.

ఇక నేను ఎవర్నీ నమ్మను. పదకొండో తారీఖున క్యాను సముద్రంలో ముంచి, ఇంటి గడప తొక్కకుండా, తడి పంచెతోనే స్టేషనుకు పోయి సామ్యూల్ గారి చేతిలో పెడతాను. నీ గది నిలబడాలని ప్రార్థన చేస్తున్నాం. మీ పిన్ని కూడా చేస్తోంది, కాకపోతే గట్టిగా చేయడం లేదు.

నీ చిన్నాన్న,
జకర్యా

తా.క. ఉప్పుకున్న విలువ ఏమిటో ఆమెకు చెప్పాను. అప్పట్నుంచి కూరలో వేయడం మానేసింది.

సికింద్రాబాద్
17 ఫిబ్రవరి

ప్రియమైన చిన్నాన్నకు, పిన్నికి, సంతోషం పట్టలేని జ్ఞానమణి వందనాలు.

క్యాను అందింది. మూత తీయగానే చేపల వాసన. నాకు అంత హాయి ఏ అత్తరుతోనూ కలగలేదు.

ఫెయిర్‌లో బల్బు వెలిగింది. గిన్నెలో ఉప్పు పేరింది. మిగిలిన చేదు నీళ్ళలో సున్నపు తేట పోస్తే తెల్లమందు పాలలా విరిగింది. ఆవిరి పట్టి తీసిన మంచినీళ్ళు జడ్జీగారే తాగారు. తాగి గ్లాసు కింద పెట్టి అడిగారు కదా, "ఇది నిజంగ సముద్రం నీళ్లేనా? కుళాయి నీళ్లల్ల ఉప్పు కలిపి, జెర మందులు వేస్తె సుత ఇట్లనే అయితది. రుజువేంది?"

ఆర్థర్ గారు వెనకాల దగ్గారు. ఏం తోచక ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. చూడగానే నవ్వొచ్చింది. గాజులాంటి బుల్లి జీవులు, మీసాలు ఆడించుకుంటూ ఈదుతున్నాయి. ఉప్పు కలిపిన కుళాయి నీళ్ళలో అవెక్కడివి? జడ్జీగారు కన్ను ఆనించినవారు తీయనే లేదు. ఆర్థర్ గారు ఆగలేక ఆయన్ని భుజంతో జరిపి తాను చూశారు. "అరే, దీనికి కాళ్లు సుత ఉన్నయ్. గింత నీళ్లల్ల గిన్ని పానాలా?" అన్నారు. తర్వాత ఆయన్ని స్టూలు మీంచి లేపడానికి ఇద్దరు కావాల్సొచ్చింది.

ఫస్టు ప్రైజు మాదే చిన్నాన్నా. గది నాదే. పిల్లలు నన్ను పట్టుకుని ఏడ్చారు, నేనూ ఏడ్చాను. కుట్టుమిషన్లు ఆర్థర్ గారి ఆఫీసు గదిలోకి వెళ్ళాయి. ఆయన కుర్చీ వేసుకుని నా గదిలో మైక్రోస్కోపు దగ్గర కూర్చుంటున్నారు, లేవమంటే లేవడం లేదు.

ఇంకో మాట. కప్పు అందుకున్న ఊపులో ఆయన మైకు పట్టుకుని, క్లాసు మొత్తాన్ని సముద్రం చూపిస్తానని ప్రకటించేశారు. ఎక్కడ దిగుతారని జనం అడిగితే, టీచరమ్మ పిన్ని ఇంట్లో అన్నారు. పిల్లనిచ్చిన ఇంటికి మంచినీళ్ళు కూడా తియ్యగా చేసి పంపిన ఇల్లు కాబట్టి ఎంతమందొచ్చినా కాదనరట. శుక్రవారం రాత్రి బండికి టిక్కెట్లు తీశారు. బహుశా ఈ ఉత్తరం కంటే ముందు మేమే మీ గుమ్మంలో ఉంటాం.

మీ కుమార్తె,
జ్ఞానమణి

తా.క. సముద్రం ఎన్ని గంటలకు తెరుస్తారు, ఎన్నింటికి మూస్తారు అని ఆర్థర్ గారు కనుక్కోమన్నారు.