జీడిపప్పు డబ్బా మీద గురవయ్య మావ గుర్తు

పలాస.

అప్పకి, తమ్ముడు సింహాచలం దండాలు పెట్టి రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారో వెంటనే రాయించు. జలంత్రకోటలో వానలు పడ్డాయా? ఇక్కడ ఒకటే ఉక్క, పైగా జీడిపిక్కలు కాల్చే పొగ. తిండికి లోటు లేదు గానీ హోటలు వాడి పులుసు నోట పెట్టలేం. సాయంత్రమైతే పలకరించేవాళ్లు లేక స్టేషనుకి పోయి కూర్చుంటున్నాను. బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

అక్కడ ఊరికే కూర్చోవడం లేదు. బోర్డు మీది అక్షరాలు చూస్తాను. రైలు ఆగకముందే చదివేటట్టు ఎంత లావుగా, ఎంత ఎడంగా రాశాడో! అగ్గిపెట్టె బొమ్మ, సబ్బు కాగితం, సినిమా పోస్టరు, ఏది కనబడినా ఎందుకలా గీశాడా అని చూస్తాను. నాకు గురువెవడూ లేడు, చూసే నేర్చుకున్నాను. అందుకే మా జీడి కార్ఖానా సావుకారు నన్ను పిక్కలు కాల్చే పెనం దగ్గర నుంచి తప్పించి కుంచె ఇచ్చారు.

మొదట పిక్కలు కొట్టే ఆడవాళ్ల గంపల మీద వాళ్ల పేర్లు రాయమన్నారు. వంపులు తిప్పి, నీడలు దింపి రాశాను. మర్నాడు ఆ గంపల కోసమే జుట్లు పట్టుకున్నారు. వాళ్లకి చదువు రాదు కదా! నాకు ఒళ్లు మండింది. "ఇంత బాగా రాస్తే కనబడదా?" అని అరిచాను. వాళ్లలో పెద్దది పోలమ్మత్త నవ్వేసింది.

"సక్కగానే ఉన్నాయి బాబూ. అన్నీ ఒక్కలాగే సక్కగుంటే నాదేదో నాకెలా తెలస్తాది?" అని కోక చెంగు తిప్పి చూపించింది. చాకలి నల్లజీడి రసంతో పెట్టిన గుర్తు, గీత కింద మూడు చుక్కలు. "ఊరందరి గుడ్డలూ కుప్పేసినా ఇది నాదని లాగీగలను. సూడు మరి!"

కోపం దిగడానికి ఒక పూట పట్టింది. తరువాత ఒక్కొక్కరి చెంగూ చూసి ఆ గుర్తులే వేశాను. తగువులు ఆగిపోయాయి.

అసలు సంగతి ఇప్పుడు. కలకత్తా పంపే డబ్బాలకి ఒక మార్కు కావాలన్నారు సావుకారు. బిస్కెట్ల డబ్బా మీది అమ్మాయి బొమ్మ చూపించి అలాగే దించమన్నారు. నేను దించలేదు. మన ఇంటి బట్టలకి గురవయ్య మావ పెట్టే గుర్తు వేశాను. కొడవలి లాంటి వంపు, దాని కడుపులో చుక్క. ఎర్ర డబ్బా మీద తెల్లగా వేస్తే అచ్చం జీడిపప్పే!

"అమ్మాయేదిరా?" అన్నారు సావుకారు.

"మీరు అమ్మేది పప్పు కదండీ" అన్నాను.

"ఈడు రేపట్నుంచి పెనం కాడికే" అని గుమస్తా గొణిగాడు.

సావుకారు ఆ డబ్బాని మిగతా వాటి నడుమ పెట్టించి, గేటు దాకా నడిచి వెనక్కి తిరిగి చూశారు. "కనబడతంది. అన్ని డబ్బాల మీదా ఇదే ఏసీ. ఇంక నీకు కుంచె పనే" అన్నారు.

ఒప్పుకుని ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను. "ఇది మా ఊరి చాకలి గుర్తు. ఆయన్ని అడగాలి" అన్నాను.

"గుడ్డలుతికీవోడిని అడిగీదేటిరా? వచ్చే సంతనాటికి తేల్చు. నేదంటే బరంపురం నుంచి ఇంకో పెయింటర్ని తెప్పిత్తాను, నువ్వు పెనం కాడికి పో!"

అప్పా, ఏ రెండిళ్లకీ ఒకే గుర్తు పడకుండా ఊరంతటికీ బుర్రలోంచి తీసి పెట్టింది ఆయనా, వాళ్ల నాన్నా. అడగకుండా తీసుకుంటే దాన్ని దొంగతనమనే అంటాను.

అమ్మకీ, పెద్దబాబుకీ నా దండాలు చెప్పు. పిల్లల్ని ముద్దుపెట్టుకో. ఎవరైనా ఇటు వస్తే కొబ్బరినూనె పంపు, జీడికి చేతులు పొక్కాయి. ఈ ఉత్తరం బావ చదివి వినిపించగానే నువ్వు గురవయ్య మావ ఇంటికి వెళ్లు. కబురు పెట్టి మన వాకిట్లో నిలబెట్టకు, నువ్వే వెళ్లి ఆ గుర్తు డబ్బాల మీద వేసుకోవచ్చా అని అడుగు. బావ నవ్వితే నవ్వనీ. ఆయన కాదంటే ఎందుకని అడక్కు. ఇంకోటి గీస్తాను, గీయగలను. అవునంటే మాత్రం, డబ్బా మీద గుర్తు కింద ఆయన పేరు లావుపాటి అక్షరాలతో రాస్తానని చెప్పు. సావుకారు సంగతి నేను చూసుకుంటాను.

నీ దీవెన కోరే తమ్ముడు,
సింహాచలం