నువ్వు నవ్విన క్యాసెట్

ఓబులేసూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది.

రాయదుర్గంలో మనం జీన్సు కుట్టేటప్పుడు ఒక ఇంగ్లీషు రాక్ ఆల్బమ్‌ను తెగ పొగుడుతాంటివి. నీ మాట మీద నేనూ కొనుక్కోని, తలనొప్పి పుట్టినా బాగుండాది అంటి. నాకు నచ్చిన పాప్ క్యాసెట్ చూసి, "ఏమప్పా, ఇదీ పాటేనా? పిల్లోళ్లకియ్యి పో" అని అందరి ముందర నవ్వితివి. సిగ్గయి ఎవరికో ఇచ్చేస్తి.

ఈ రోజు నీ భార్య సుబ్బమ్మ నీ క్యాసెట్ల పెట్టె తెరిచింది. నువ్వు పొగిడిన ఆల్బమ్‌కు ప్లాస్టిక్ కాగితం కూడా చింపలేదు. నువ్వు నవ్విన ఆ పాప్ క్యాసెట్టే ఇంకొకటి నీ దగ్గరా ఉండాది. అచ్చు చెరిగిపోయి, రీలుకు అతుకులు.

"పొద్దన్నే అదే పెట్టుకుంటాండె అన్నా" అనె సుబ్బమ్మ.

నాకు చెప్పింటే ఇద్దరం కూర్చోని విందుము కదా.

తీసుకోపొమ్మని ఆయమ్మ ఆ క్యాసెట్ నా చేతికిచ్చింది. పెట్టెలోనే పెట్టేసి వచ్చినా.