శనివారం మాత్ర

అత్తమ్మా,

నువ్వు కరోనాలో పోయాక నీ శనివారం ఉపవాసాన్ని నీ కొడుకు పట్టుకున్నాడు. రక్త క్యాన్సర్‌కు రోజుకో మాత్ర వాడుతున్నా, జబ్బు మరీ నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. మందు మార్చాలేమోనంటూనే, రోజూ వేసుకుంటున్నావా అని డాక్టరు అడిగాడు.

“శనివారం ఏసుకోను సార్. తిన్నంకనే ఏసుకోమంటిరి గద, ఆ దినం నాకు ఉపాసం.”

డాక్టరు మాస్కు సర్దుకున్నాడు. “మూడు నెలలు ఒక్కరోజూ ఆపకుండా వేసుకో. అప్పటికీ తగ్గకపోతే వేరే మందు ఉంది.”

ఇవాళ రిపోర్టు వచ్చింది. బాగా తగ్గిందట, ఇదే మందు వాడమన్నాడు.

నీ ఉపవాసం తప్పిందని బెంగపడకు. ఈ మూడు నెలలూ ప్రతి శనివారం నేనే ఉపవాసం ఉంటున్నాను. మధ్యాహ్నానికల్లా ఆకలికి మనముండే ఈ డిండోలి గల్లీ అంతా వినబడేలా అరుస్తున్నాను. నీ కొడుకేమో రొట్టె నములుతూ నవ్వుతాడు.

“అచ్చం మా అమ్మ లెక్కనే ఉన్నవ్!”